బాబాయ్‌ని తీసుకెళ్లాలా అని అడిగావుగా

కూకట్‌పల్లి, హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

మీ న్యూజిలాండ్ ట్రిప్‌కి పిల్లలతోపాటు బాబాయ్‌ని కూడా తీసుకెళ్లాలా అని మొన్న ఫోన్‌లో అడిగావు గానీ, చిన్నది ఒళ్లోకెక్కి ఫోన్ లాక్కుంటుంటే ఏమీ చెప్పలేకపోయాను. "పిల్లలతోనే చావు, ఇంక నాన్న కూడానా" అన్నావు చూడు, దానికే ఈ ఉత్తరం. న్యూజిలాండ్‌లో మా కారులో అమ్మ ఉండబట్టి ఏం జరిగిందో చెబుతాను, ఆ తర్వాత నీ ఇష్టం.

మేం దసరా సెలవుల్లో వెళ్లాం. మనకు దసరా అంటే వాళ్లకు వసంతం. పచ్చిక బయళ్ల నిండా గొర్రెపిల్లలు, వెనక కొండల మీద ఇంకా కరగని మంచు. శంషాబాద్‌లో ఎక్కి సింగపూర్‌లో మారి క్రైస్ట్‌చర్చ్‌లో దిగాం. అమ్మ మోకాళ్ల సంగతి తెలుసుగా, టికెట్లతోపాటే వీల్‌చెయిర్ చెప్పేశాను. "నేనేమన్నా మంచాన పడ్డానా" అని ఉడుక్కుంది. తీరా ఆ కుర్చీ వెనకాలే మమ్మల్నందరినీ క్యూ తప్పించి పంపేసరికి, తిరిగొచ్చేటప్పుడు తనే అడిగింది, కుర్చీ ఏదిరా అని.

అక్కడ దిగగానే తిండి సామాన్లు చూస్తారు. ఈ విషయంలో మొహమాటం లేని మనుషులు. ఏం తెచ్చామో ఉన్నదున్నట్టు చెప్పాలి, చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు ఫైన్. మేం కందిపొడి దగ్గర్నుంచి అన్నీ రాసిచ్చాం. ఆఫీసరమ్మ ఒక్కొక్కటీ తీసి చూసి, అమ్మ పొద్దున్నే నిమ్మరసంలో కలుపుకునే తేనె సీసా మాత్రం పక్కన పెట్టేసింది. వాళ్ల తేనెటీగలకు జబ్బులు అంటుకుంటాయని తేనె రానివ్వరు. చెప్పులకు మట్టి ఉన్నా ఊరుకోరు. బాబాయ్ పొలానికి వేసుకెళ్లే బూట్లు సూట్‌కేసులో పెట్టావంటే అయిపోయావే! ఆయన బీపీ మాత్రలకు మాత్రం డాక్టర్ చీటీ ఇంగ్లీషులో రాయించుకుని దగ్గర పెట్టుకో. మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లనిస్తారు.

డ్రైవింగ్ గురించి టెన్షన్ వద్దు. మనలాగే ఎడమ వైపే, మన ఇంగ్లీషు లైసెన్సే చెల్లుతుంది. చిత్రం ఏంటంటే ఊళ్లకు ఊళ్లు దాటినా హారన్ వినపడదు. చాలా హైవేల మీద కూడా 100 దాటకూడదు, దారంతా వంపులు, మధ్యలో ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు. బోర్డు మీద మన వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మనం ఆగి ఎదుటివాణ్ని రానివ్వాలి. వాడు దాటుతూ చెయ్యెత్తుతాడు. వెనక సీట్లోంచి అమ్మ కూడా ప్రతివాడికీ చెయ్యెత్తేది. వాళ్లంతా చుట్టాలైనట్టు!

పిల్లల సీట్లు మాత్రం నరకం. ఏడేళ్లు నిండేదాకా కార్ సీట్ చట్టం. ఇక్కడ ఒళ్లో కూర్చుని ట్యాంక్‌బండ్ చూసే పిల్ల, అక్కడ బెల్టు వేయగానే రాగం అందుకునేది. కారు అద్దెకిచ్చిన వాళ్లు బకిల్ సరిగా పడని సీటు అంటగట్టారు, దాన్ని మార్పించుకునేసరికి మధ్యాహ్నం అయింది. అప్పుడు పిల్లల్ని పార్కింగ్‌లో పట్టుకున్నది ఎవరనుకున్నావ్?

అసలు సంగతి ఇది. అమ్మకీ చిన్నదానికీ ఒకటే టైంటేబుల్ రా. ఇద్దరికీ గంటన్నరకోసారి దిగాలి, ఇద్దరికీ పన్నెండున్నరకల్లా అన్నం పడాలి, తిన్నాక ఇద్దరికీ కునుకు. క్రైస్ట్‌చర్చ్ నుంచి టేకపో సరస్సుకి దాదాపు 225 కిలోమీటర్లు, మ్యాప్ మూడు గంటలంటుంది. మేం జెరల్డీన్‌లో ఆగి, ఫెయిర్లీలో ఆగి, పొద్దుగూకే వేళకు చేరాం. చిన్న చిన్న ఊళ్లలో కూడా శుభ్రమైన టాయిలెట్లుంటాయి, పక్కనే పిల్లలకు ఉయ్యాలలు. మేమిద్దరమే అయితే ఆగకుండా తోలేసి, పిల్లల ఏడుపుతో గొడవపడి, హోటల్ చేరేసరికి మాటల్లేకుండా కూర్చునేవాళ్లం.

టేకపో సరస్సు చూసి అమ్మ మొదటి మాట, "నీళ్లలో ఏం కలిపార్రా?" హిమనదాలు రాళ్లను పిండి కొట్టి ఆ పొడిని నీళ్లలోకి పంపుతాయి, దాని మీద ఎండ పడితే ఆ నీలం అని చెప్పాను. నమ్మలేదు. నేత చీర, దాని కింద స్పోర్ట్స్ షూ, నెత్తిన మంకీ క్యాప్‌తో గట్టు దిగి, దోసిలితో నీళ్లు తీసి ఎండకు పట్టి చూసింది. తెల్లగా ఉన్నాయని పెద్దోడికి చూపించింది. వాడు అడ్డొచ్చిన ప్రతివాడికీ ఇప్పుడు ఆ పాఠం చెబుతున్నాడు. పక్కనే 1935లో కట్టిన చిన్న రాతి చర్చి ఉంది, అందరూ దాని ముందు ఫొటోలకు ఎగబడతారు. మాకు పుకాకీ సరస్సు ఒడ్డే నచ్చింది. నీటికవతల 3,724 మీటర్ల మౌంట్ కుక్ శిఖరం, ఒడ్డున జనమే లేరు.

మోటళ్లలో వంటగది ఉన్నవే తీసుకో. తాళం ఇస్తూ చిన్న పాల సీసా కూడా చేతిలో పెడతారు. "ఊరికేనా?" అని అమ్మ ఆశ్చర్యపోయి, రాత్రికి దాన్ని తోడుపెట్టేసింది. ఆ చలికి ఏం తోడుకుంటుంది! రైస్ కుక్కర్‌లో అన్నం, పప్పుచారు, ఇక్కణ్నుంచి తీసుకెళ్లిన వడియాలు. పిల్లలు బయటి తిండి ఒక్క పూట తిని మొహం తిప్పేశారు కాబట్టి అమ్మే కాపాడింది.

మిల్‌ఫర్డ్ సౌండ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, టె అనావ్ ఊరి నుంచి 118 కిలోమీటర్లు. పెట్రోల్ టె అనావ్‌లోనే నింపుకో. అక్టోబర్‌లో కూడా మంచుచరియల భయంతో ఆ రోడ్డు మూసేస్తుంటారు, బయల్దేరేముందు చూసుకోవాలి. మేం వెళ్లిన రోజు కుండపోత. నాకు ఉసూరుమంది. మన హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపి 800 మిల్లీమీటర్లు కురిస్తే అక్కడ 6,000కి పైనే. కానీ వాన పడితేనే కొండలన్నిటి మీదా జలపాతాలు పుడతాయట, ఎండ వస్తే చాలా వాటికి నీళ్లే ఉండవు. పడవలో అందరూ లోపల అద్దాల్లోంచి చూస్తుంటే, అమ్మ రెయిన్‌కోటు తొడుక్కుని పెద్దోణ్ని పట్టుకుని బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఒడ్డున మాత్రం శాండ్‌ఫ్లైలనే చిన్న ఈగలు కాళ్లను పీకేశాయి. దోమల మందు మర్చిపోకు.

ఒక్క మాట: ఎక్కడికెళ్లినా రెండు రాత్రులకు తక్కువ పెట్టకు. రోజూ సూట్‌కేసులు సర్దడం బాబాయ్ వల్లా కాదు, మన చెల్లెమ్మ వల్లా కాదు. క్వీన్స్‌టౌన్‌లో తాళ్లు కట్టుకుని దూకడాలు, అవన్నీ ఇంకోసారి చూసుకోవచ్చు.

విజయవాడ నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకి పరుగెత్తకండి. ముందు రోజే మా ఇంటికి వచ్చేయండి. ప్లగ్గు అడాప్టర్లు, చిన్న రైస్ కుక్కర్, పెద్దోడి పాత జాకెట్లు తీసి పెట్టాను. బాబాయ్‌తో ఒకసారి మాట్లాడాలని అమ్మ అంటోంది, ఆదివారం ఫోన్ చేయించు.

నీ
రమణ