తెల్లవారుజామున గ్రౌండు గేట్లు తీయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఉండేది గాజువాక. వయసు 41. పాప ఇంటర్, బాబు ఏడో తరగతి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఈసారి ఫుల్, అంటే 42.195 కిలోమీటర్లు పరిగెత్తాలని సంక్రాంతి నుంచి తయారవుతున్నాను. ‘డ్యూటీ, ఇల్లు, పిల్లలు. మధ్యలో ఇదెలా కుదురుతోంది సిస్టర్?’ అని వార్డులో రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అదే చెబుదామని, దాంతోపాటు ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం.

నిరుడు నాకు కుదరలేదు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా నైట్ డ్యూటీ చేసి, ఇంటికొచ్చి వంట చేసి, మూడు గంటలు పడుకునేదాన్ని. ఆ మర్నాడు నాలుగింటికే లేచి లాంగ్ రన్‌కి, అంటే ఎక్కువ దూరం పరుగుకి వెళ్లేదాన్ని. ఒక నెల అలా గడిచింది. ఎడమ కాలి ఎముక మీద వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి. స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నారు, ఎముకలో వెంట్రుకవాసి పగులు. ఎనిమిది వారాలు పరుగు బంద్. నిద్రలోనే ఒళ్లు బాగుపడుతుందని పేషెంట్లకు రోజూ చెప్పేదాన్ని, నాకు మాత్రం చెప్పుకోలేదు. పోటీ తేదీ దగ్గర పడుతోందని నిద్ర తగ్గించుకునే పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు ముందు డ్యూటీ చార్టు వస్తుంది, దాన్నిబట్టే పరుగు. పొద్దున డ్యూటీ వారంలో నాలుగు రోజులు పరిగెత్తుతాను. అందులో మూడు రోజులు పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. నైట్ డ్యూటీ వారంలో లాంగ్ రన్ అసలే పెట్టుకోను, సాయంత్రం ఐదేసి కిలోమీటర్లు రెండుసార్లు, అంతే. ఆదివారం వంటగది మా వారిది. ‘ఈ వయసులో పరుగులేంటమ్మా’ అన్న మా అత్తగారే ఇప్పుడు చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసి, స్టీలు గ్లాసు మీద మూత పెట్టి గుమ్మం పక్కన ఉంచుతారు. మన సముద్రపు ఉక్కకి చెమట ఆరదు, చొక్కా పిండితే నీళ్లు కారతాయి. అప్పుడు ఆ ఉప్పటి అంబలి గొంతులో పడితే ప్రాణం లేచొస్తుంది.

జపాన్‌లో యూకి కవాఉచి అని ఒకాయన ఉన్నారు. సైతామాలో ప్రభుత్వ హైస్కూల్లో గుమస్తా ఉద్యోగం చేస్తూ, ఆఫీసు వేళలు చూసుకుని ప్రాక్టీసు చేసి, 2018లో వానలో, ఎదురుగాలిలో బోస్టన్ మారథాన్ గెలిచారు. ఆయనతో నాకు పోలిక లేదు. కానీ ఉద్యోగం మానకుండా కూడా దీన్ని మనస్ఫూర్తిగా చేయొచ్చన్న ధైర్యం నాకు ఆయన్ని చూసే వచ్చింది.

ఇక విన్నపం. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక కాలేజీ గ్రౌండు ఉంది. మెత్తటి మట్టి, చుట్టూ వేపచెట్లు. గేటు తాళం ఆరింటికి తీస్తారు. ఏడుంపావు బస్సు అందుకోవాలంటే ఆరింటికల్లా నేను ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి ఉండాలి. అందుకని నాలుగున్నరకి లేచి హైవే సర్వీసు రోడ్డు మీద పరిగెత్తుతున్నాను. ఆగి ఉన్న లారీల మధ్య సందులు, పలకలు ఊడిన కాలువ, కుక్కలు. చేతిలో ఫోన్ లైటు. ఏప్రిల్‌లో హెడ్‌లైట్ లేని బండి ఒకటి మోచేతిని రాసుకుంటూ పోయింది. ఇంకో జానెడు ఇటు వచ్చుంటే ఏమయ్యేదో. ఇంట్లో మోచేయి గోడకి గీసుకుందని చెప్పాను. చెబితే పరుగు మాన్పించేస్తారని భయం.

బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపడం చాలా మంచి పని. కానీ గాజువాక నుంచి అక్కడికి వెళ్లి రావడానికే గంట దాటిపోతుంది. ఆ గంట మా దగ్గర ఉంటే ఇంకేం కావాలి?

ప్రభుత్వ స్కూళ్లు, కాలేజీల గ్రౌండ్లు నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా తెరిపించండి. రెండు లైట్లు, ఒక వాచ్‌మన్ చాలు. కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు. క్లాసులకీ అడ్డం రాదు. పరిగెత్తేవాళ్ల కోసమే కాదు ఇది. మా వార్డు ఆయమ్మకి షుగరు. డాక్టరు రోజూ నడవమన్నారు. ఏడింటికి డ్యూటీ ఎక్కే మనిషి, చీకట్లో ఆ రోడ్డు మీద ఎలా నడుస్తుంది? ‘గేటు తీస్తే చెప్పమ్మా, నేనూ వస్తాను’ అంది.

ఇప్పటికి రెండు అర్జీలు ఇచ్చాను. పేపర్లో వస్తే ఎవరైనా చూస్తారేమోనని మీకు రాస్తున్నాను.

— ఒక స్టాఫ్ నర్సు, గాజువాక, విశాఖపట్నం