బిరుదు వేరు, భూమి వేరు: టిచ్‌బోర్న్ వ్యాసంపై ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండులోని టిచ్‌బోర్న్ కుటుంబం గురించి వ్యాసం వచ్చింది. సముద్రంలో తప్పిపోయిన వారసుణ్ణి నేనేనంటూ ఒక మోసగాడు కోర్టుకెక్కిన ఉదంతాన్ని రచయిత ఆసక్తికరంగా చెప్పారు. అయితే ఆ కుటుంబం వారు పుట్టుకతోనే ప్రభువుల సభలో, అంటే బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభలో, కూర్చునే హక్కు గలవారని రాసి, వారి హోదాను మన గద్వాల, వనపర్తి సంస్థానాధీశుల హోదాతో సమానం చేశారు. ఈ రెండూ సరికావు. పాలమూరు విద్యార్థులకు చాలాకాలం చరిత్ర బోధించినవాడిగా, ఈ పొరపాటు మన పిల్లల నోట్సుల్లోకి చేరకముందే సవరించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

టిచ్‌బోర్న్ వంశానిది బారొనెట్ అనే బిరుదు. దీన్ని మొదటి జేమ్స్ రాజు 1611 మే 22న ప్రవేశపెట్టాడు. ఐర్లండులోని అల్‌స్టర్ ప్రాంతంలో సైన్యాన్ని నిలపడానికి ఆయనకు డబ్బు కావలసివచ్చింది. బిరుదు తీసుకునేవారు ముప్ఫై మంది సైనికులను మూడేళ్లపాటు, తలకు రోజుకు ఎనిమిది పెన్నీల లెక్కన పోషించడానికి అయ్యే సొమ్ము ఖజానాకు కట్టాలి. అది 1,095 పౌండ్లు. భూమి మీద ఏడాదికి కనీసం వెయ్యి పౌండ్ల ఆదాయం ఉండాలని, తండ్రి తరఫు తాత అధికారిక వంశచిహ్నం ధరించినవాడై ఉండాలని కూడా నియమం పెట్టారు. మొట్టమొదట ఈ బిరుదు పొందినవాడు సఫోక్ ప్రాంతానికి చెందిన సర్ నికొలస్ బేకన్. బిరుదు తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది, పేరు ముందు సర్ అని చేరుతుంది, అంతే. దానివల్ల ప్రభువుల సభలో స్థానం దొరకదు, ఒక్క ఎకరం భూమి రాదు, ఎవరిమీదా అధికారం చెల్లదు. రాజుకు డబ్బు అవసరమై పుట్టిన బిరుదును పరంపరగా వచ్చిన పాలనాధికారంగా చూపడం పాఠకులకు అన్యాయమని నా అభిప్రాయం.

టిచ్‌బోర్న్ వారు హాంప్‌షైర్‌లో తమ పేరే ఉన్న గ్రామంలో బిరుదుకు ఎన్నో తరాల ముందు నుంచీ భూస్వాములు, కేథలిక్కులు. 1603లో ఎలిజబెత్ రాణి మరణవార్త అందగానే, ఆ జిల్లా షెరీఫ్‌గా, అంటే రాజప్రతినిధి అధికారిగా, ఉన్న బెంజమిన్ టిచ్‌బోర్న్ లండన్ నుంచి ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా వించెస్టర్‌లో జేమ్స్‌ను రాజుగా ప్రకటించాడు. 1621లో ఆయనకు బారొనెట్ బిరుదు దక్కింది. ఆ గ్రామంలో ఏటా మార్చి 25న ఊరివారికి పిండి పంచే ఆచారం ఉంది. మంచాన పడిన మేబెల్లా అనే గృహిణి పాకుతూ చుట్టివచ్చిన ఇరవై మూడు ఎకరాల పంట నుంచి ఈ దానం మొదలైందని, దాన్ని ఆపితే ఏడుగురు కొడుకుల తరం తర్వాత ఏడుగురు కూతుళ్ల తరం వచ్చి ఇంటిపేరు మారిపోతుందని ఆమె శపించిందని చెబుతారు. ఇది ఐతిహ్యం, దీన్ని నేను చరిత్రగా చూపడం లేదు. కానీ ఏడవ బారొనెట్ హెన్రీకి ఏడుగురు కొడుకులు, వారిలో పెద్దవాడికి ఏడుగురు కూతుళ్లు పుట్టిన మాట చరిత్రే.

బిరుదు స్వభావం ఈ ఘట్టంలోనే బయటపడుతుంది. పెద్దవాడు 1845లో చనిపోయినప్పుడు ఏడుగురు కూతుళ్లలో ఒక్కరికీ బిరుదు దక్కలేదు. అది తమ్ముడు ఎడ్వర్డ్‌కు, 1853లో ఆయన పోయాక ఇంకో తమ్ముడు జేమ్స్‌కు వెళ్లింది. ఈ ఎడ్వర్డ్ ఒక బంధువు ఆస్తి పొందడం కోసం అంతకుముందే తన ఇంటిపేరును డౌటీగా మార్చుకున్నాడు. ఇంటిపేరు మారినా బిరుదు మారలేదు. జేమ్స్ పెద్దకొడుకు రోజర్ 1854లో రియో డి జనీరో నుంచి బయలుదేరిన బెల్లా అనే ఓడతోపాటు గల్లంతయ్యాడు. 1862లో జేమ్స్ మరణించగా చిన్నకొడుకు ఆల్ఫ్రెడ్ బారొనెట్ అయ్యాడు. అతడు 1866 ఫిబ్రవరిలో చనిపోయేనాటికి భార్య గర్భవతి. ఆ మేలో పుట్టిన మగశిశువు పుడుతూనే పన్నెండవ బారొనెట్ అయ్యాడు. ఆడపిల్ల పుట్టి ఉంటే బిరుదు మరో శాఖను వెతుక్కోవలసి వచ్చేది.

ఆస్ట్రేలియాలోని వాగ్గా వాగ్గాలో మాంసం కొట్టు నడిపే వ్యక్తి ఆ ఏడాది చివర రోజర్‌నంటూ ఇంగ్లండు చేరాడు. కొడుకు బతికే ఉన్నాడని నమ్మి పత్రికల్లో ప్రకటనలిచ్చిన తల్లి అతణ్ణి తన బిడ్డగా స్వీకరించింది. ఆ తల్లి దుఃఖాన్ని తేలిగ్గా చూడలేం. పారిస్‌లో పుట్టి ఫ్రెంచిలో పెరిగిన రోజర్‌నని చెప్పుకున్నవాడికి ఫ్రెంచి రాలేదు. రోజర్ చేతిమీద ఉండవలసిన పచ్చబొట్టు అతడి చేతిమీద లేదు. మీ వ్యాసంలో లేని ముఖ్య విషయం ఏమిటంటే, 1871లో మొదలైన ఆ సివిల్ వ్యాజ్యం ఆ కుటుంబ నివాసమైన టిచ్‌బోర్న్ పార్క్‌లో అద్దెకుంటున్న వ్యక్తిని ఖాళీ చేయించడానికి వేసినది. అంటే కోర్టు ముందు నేరుగా నిలిచిన ప్రశ్న భూమి స్వాధీనం గురించినది. 1872లో ఆ దావా వీగిపోయింది. ఆ తర్వాత అబద్ధపు సాక్ష్యం నేరానికి 188 రోజుల విచారణ జరిగి, అతడు ఆర్థర్ ఆర్టన్ అనే వ్యక్తి అని తేల్చి, 1874లో పద్నాలుగేళ్ల శిక్ష వేశారు.

బిరుదు చివరకు 1968లో పద్నాలుగవ బారొనెట్ ఆంథొనీతో అంతరించింది. బతికున్న కొడుకు లేకపోవడమే కారణం. ఎస్టేటు కూతురి సంతతికి చేరింది. పిండి పంచే ఆచారం ఇప్పటికీ సాగుతోంది.

ఇప్పుడు మన సంస్థానాల సంగతి చూడండి. గద్వాల, వనపర్తి, జటప్రోలు ప్రభువులు భూమిశిస్తు వసూలు చేశారు, నిజాంకు పేష్కషు అనే కప్పం కట్టారు, తగవులు తీర్చారు. వారసుడు లేనిచోట దత్తత తీసుకుని నిజాం ఆమోదంతో సంస్థానాన్ని నిలుపుకున్నారు. ఇంగ్లండు బారొనెట్‌కు దత్తపుత్రుడు వారసుడు కాలేడు. గద్వాలలో రాజా సీతారాంభూపాలుడి తర్వాత మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ సంస్థానాన్ని నడిపారు. టిచ్‌బోర్న్ ఇంట్లో ఏ స్త్రీకీ బిరుదు దక్కే మార్గమే లేదు. 1949లో జాగీర్ల రద్దుతో మనవారి అధికారం ముగిసింది, రాజ్యాంగం 18వ అధికరణ కొత్త బిరుదుల దారి మూసింది. మన దేశంలో నిజమైన బారొనెట్‌ను చూడాలంటే 1857లో ఆ బిరుదు పొందిన బొంబాయి వర్తకుడు, దాత జంషెట్జీ జీజీభాయ్‌ను చూడాలి. ఆయన వారసులంతా ఆ పేరే ధరించాలని 1860లో ప్రత్యేకంగా చట్టం చేశారు.

ఇంగ్లండులో తప్పుడు బారొనెట్లు పెరిగిపోవడంతో 1910లో అధికారిక పట్టిక ఏర్పాటు చేశారు. రుజువు చూపనివారి పేరు అందులో చేరదు. 2016లో ప్రింగిల్ కుటుంబం బారొనెట్ బిరుదు వారసత్వ వివాదంలో ప్రివీ కౌన్సిల్ అనే ఉన్నత న్యాయపీఠం డీఎన్ఏ సాక్ష్యాన్ని కూడా స్వీకరించింది. మన సంస్థానాల బిరుదుల విషయంలో అంత శ్రద్ధ కనిపించడం లేదు. మహారాజా, బహద్దూర్ వంటి మాటలు ఎవరు, ఎప్పుడు, వ్యక్తికి ఇచ్చారా వంశానికి ఇచ్చారా అన్నది చూడకుండానే వ్యాసాలు వస్తున్నాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ పత్రాలున్నాయి. పాలమూరు సంస్థానాలపై మీరు వ్యాసాలు వేసేటప్పుడు ఆ పత్రాలు చదవగలిగినవారి చేత సంవత్సరాలు, సనదులు (బిరుదు, హక్కు ఇచ్చిన అధికార పత్రాలు) సరిచూపించవలసిందిగా, టిచ్‌బోర్న్ కుటుంబానికి ప్రభువుల సభలో స్థానం ఉందన్న వాక్యానికి వచ్చే అనుబంధంలో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
వనపర్తి