పాత కంప్యూటర్లను పక్కన పెట్టే ముందు 'వైన్'ను పరీక్షించండి

గౌరవనీయులైన తెలంగాణ ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ఇరవై ఏళ్లుగా తెలుగు డీటీపీ పని చేసుకుంటున్నవాణ్ణి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలన్న నిబంధన వల్ల, చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా కార్యాలయాల్లో, బడుల్లో మూలన పడే పరిస్థితి వచ్చింది. వాటిలో విండోస్‌కు బదులుగా లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుందామంటే, 'మా పాత సాఫ్ట్‌వేర్ అందులో నడవదు' అన్న మాట అడ్డం వస్తోంది.

ఆ అడ్డంకిని తొలగించడానికే 1993లో వైన్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టు మొదలైంది. ఫైలు తెరవమని, తెరమీద అక్షరం గీయమని ప్రోగ్రాము విండోస్‌ను అడిగే ప్రతి పనినీ వైన్ అందుకుని లినక్స్ చేత చేయిస్తుంది కాబట్టి, విండోస్ లైసెన్సు అవసరమే ఉండదు. 1.0 వెర్షన్ రావడానికి పదిహేనేళ్లు పట్టిందంటే అదెంత ఓపికతో చేసిన పనో తమరు గ్రహించగలరు. 2018లో వాల్వ్ అనే గేమ్‌ల సంస్థ దీని ఆధారంగా ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్‌ను తెచ్చిన తరువాత, వేలాది విండోస్ గేమ్‌లు లినక్స్ మీద నడుస్తున్నాయి.

నా పాత డెస్క్‌టాప్‌లో వైన్ ద్వారా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాము తెరిచి చూశాను. పెళ్లి శుభలేఖ ఫైలు తెరుచుకుంది, బోర్డరు కూడా చెదరలేదు. కానీ యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పద్ధతి) కాని మా పాత తెలుగు ఫాంటుకు తోడుగా నడిచే కీబోర్డు ప్రోగ్రాము మాత్రం సరిగా పనిచేయక, 'క్షేమం' అని కొడితే గుణింతం కట్టకుండా ముక్కలు ముక్కలుగా పడింది. నా పని అక్కడితో ఆగిపోయింది. వైన్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కనుక తెలిసిన ఇంజనీరు కూర్చుంటే లోపం ఎక్కడుందో వెతకవచ్చు, కానీ తెలుగు కోసం ఆ ఖర్చు భరించే కంపెనీ నాకైతే కనిపించడం లేదు. ఆ బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి.

వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్ల డ్రైవర్లను (పరికరాన్ని కంప్యూటరుతో పనిచేయించే ప్రోగ్రాములను) వైన్ నడపలేదన్నది నిజమే. అందుకే ఇకపై కొనే ప్రతి పరికరానికీ లినక్స్ డ్రైవరు ఇవ్వాలని టెండరులోనే షరతు పెట్టండి. కేంద్రం 2015లోనే ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే ఐటీ పాఠాలు చెబుతున్నాయి.

ఒక్క జిల్లాలో, కార్యాలయాలు రోజూ వాడే ప్రోగ్రాములన్నిటినీ వైన్‌లో పరీక్షింపజేసి, ఫలితాలను తెలుగులో ప్రకటించండి. నడవని వాటిని బాగుచేయడానికి ఇంజనీర్లను పెట్టి, వారు చేసిన సవరణలను తిరిగి వైన్ ప్రాజెక్టుకే పంపించండి. ఆ పరీక్షకు మా డీటీపీ ఫైళ్లు ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక డీటీపీ ఆపరేటరు