బొమ్మ వేస్తే సరిపోదు, పిల్లల్ని మాట్లాడనివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

రాజ్యాంగ దినోత్సవం నవంబరు 26 వచ్చిందంటే చాలా బడుల్లో పిల్లలందర్నీ ఒకేచోట కూర్చోబెట్టి, కుల వివక్ష మీదో మత సామరస్యం మీదో ఒక డాక్యుమెంటరీ వేసి, చప్పట్లు కొట్టించి పంపేస్తారు. దానివల్ల ఒరిగేది తక్కువ. ఒక్కోసారి చెడే జరుగుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (టీవీలాంటి పెద్ద టచ్ తెరలు) వచ్చాయి కనుక, ఏ తరగతికి ఆ తరగతికి విడిగా చూపించే వీలు ఇప్పుడుంది. అదెలా చేయాలో కాస్త వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం.

ద్వేషం ఎంత ఘోరమో చూపే సినిమాల కన్నా, ఇరుగుపొరుగు ఎలా అడ్డం నిలిచారో చూపేవి ఎంచుకోవాలి. దెబ్బలూ శవాలూ చూసిన పిల్లలకు భయమే మిగులుతుంది. బాధిత వర్గం పిల్లవాడు బెంచీలో ఇంకాస్త ముడుచుకుంటాడు. అమెరికాలో పీబీఎస్ అనే టీవీ సంస్థ 1995లో ప్రసారం చేసిన ‘నాట్ ఇన్ అవర్ టౌన్’ మంచి ఉదాహరణ. నిడివి అరగంట లోపే. మోంటానా రాష్ట్రం బిల్లింగ్స్‌లో 1993లో జాతి విద్వేషులు చెలరేగినప్పుడు ఊరు ఏం చేసిందన్నది విషయం. నల్లజాతివారి చర్చిలోకి వచ్చి బెదిరిస్తే, వేరే చర్చిల వాళ్లు వెళ్లి వారి పక్కన కూర్చున్నారు. ఒక ఆదివాసీ మహిళ ఇంటి మీద నాజీ గుర్తు వేస్తే పెయింటర్ల యూనియన్ వాళ్లు వచ్చి రంగులు వేసి వెళ్లారు. హనుక్కా అనే యూదుల దీపాల పండుగకు కిటికీలో దీపస్తంభం బొమ్మ పెట్టుకున్న యూదుల ఇంట్లో, పసివాడి గది అద్దం బద్దలుకొట్టారు. అప్పుడు బిల్లింగ్స్ గెజిట్ అనే పత్రిక ఆ దీపస్తంభాన్ని పేజీ నిండా అచ్చు వేసింది. సుమారు 10 వేల ఇళ్లవాళ్లు దాన్ని తమ కిటికీలకు అంటించుకున్నారు.

ఇది మన పిల్లలకెందుకని అడగవచ్చు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, ‘మా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. వాణ్ని ఆపబోయిన స్థానిక యువకుడు ఇయాన్ గ్రిలట్‌కూ తూటా తగిలింది. అక్కడ మనవాళ్లకు తగిలిన ఆ మాట, ఇక్కడ పెద్దపల్లి ఇటుక బట్టీల్లో పనికొచ్చిన ఒడియా కుటుంబాల పిల్లలకు తగులుతుంటుంది. ఈ రెంటినీ పిల్లలే కలుపుకోవాలి. టీచరు కలిపి చెప్పేస్తే అది నీతిపాఠమైపోతుంది, మార్కుల కోసం ‘అందరం కలిసిమెలిసి ఉండాలి’ అని రాసి ఊరుకుంటారు.

టీచరు ముందుగా రెండుసార్లు చూసి, ఎక్కడ ఆపాలో నిమిషాలతో సహా రాసుకోవాలి. సినిమాకు ముందు పది నిమిషాలు అట్లాసులో ఊరు చూపించి, హనుక్కా అంటే ఏమిటో చెప్పాలి. మన గుమ్మాల మీద వేసుకునే స్వస్తిక్‌కూ తెర మీది నాజీ గుర్తుకూ తేడా అప్పుడే చెప్పి తీరాలి. చెప్పకపోతే కొందరు అయోమయంలో పడతారు, కొందరు నొచ్చుకుంటారు, చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. భాష ఇంకో చిక్కు. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లను ఎనిమిదో తరగతివాళ్లు అంత వేగంగా చదవలేరు. అలాగని సినిమా మీద ఎడతెగకుండా తెలుగులో చెబుతుంటే ఏదీ వినబడదు. నాలుగుచోట్ల ఆపి రెండేసి వాక్యాల్లో చెప్పడం మేలు.

నెట్ మీద ఆధారపడొద్దు. అనుమతి ఉన్న కాపీ తెచ్చుకుని, ముందురోజే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి అదే ప్యానెల్‌లో వేసి చూడాలి. వెనక బెంచీలో కూర్చుని వినాలి కూడా, ప్యానెల్ సొంత స్పీకరు అక్కడిదాకా చాలకపోవచ్చు.

45 నిమిషాల పీరియడ్‌లో అరగంట సినిమా పెడితే సరిగ్గా పిల్లలు నోరు విప్పే వేళకు బెల్లు కొడుతుంది. సగంలో తెగిన చర్చ కన్నా అసలు చర్చ లేకపోవడమే నయం. రెండు పీరియడ్లు వరసగా దొరక్కపోతే 12 నిమిషాల ముక్కే చూపించాలి.

చర్చకు బోర్డు మీద నాలుగు గడులు చాలు: చేసినవాళ్లు, పడినవాళ్లు, చూస్తూ ఊరుకున్నవాళ్లు, ముందుకొచ్చినవాళ్లు. తెర మీద కనిపించిన ప్రతి ఒక్కరూ ఏ గడిలోకి వస్తారో, ఎవరు గడి మారారో, ఎందుకు మారారో అడగాలి. అసలు పాఠం మూడో గడిలోనే ఉంది, ఎక్కువమంది పిల్లలు ఉండేదీ అక్కడే. తర్వాత చిన్న చీటీలిచ్చి, మన బడిలో ఎవరు ఒంటరిగా కూర్చుంటున్నారో పేర్లు లేకుండా రాయించి, డబ్బాలో వేయించాలి. టీచరు తాను ముందు చదువుకుని, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేనివే పైకి చదవాలి. ‘మీవాళ్లకు ఎలా ఉంటుందో నువ్వు చెప్పమ్మా’ అని ఏ పిల్లనూ లేపొద్దు. ఆ ఒక్క ప్రశ్నతో ఆ పాప తరగతిలో పరాయిదైపోతుంది. ఎవరైనా నవ్వితే గదమాయించొద్దు. ఇబ్బందిని దాచుకోవడానికే చాలామంది నవ్వుతారు. కాసేపు ఆగి మళ్లీ అడిగితే మాట వస్తుంది.

1968లో అయోవాలో జేన్ ఇలియట్ అనే టీచరు కళ్ల రంగును బట్టి పిల్లల్ని విడదీసి వివక్ష రుచి చూపించారు. దాన్ని మన తరగతుల్లో మళ్లీ చేయొద్దు. భోజనాల వరసలో నిజంగానే అవమానపడుతున్న బిడ్డకు కొత్తగా నాటకం అక్కర్లేదు.

వారంలోగా తాము చేయగలిగిన పని ఒకటి పిల్లలే తేల్చుకోవాలి. మధ్యాహ్న భోజనంలో కూర్చునే వరస మార్చడం కావచ్చు, కులం పేరుతో పెట్టిన ముద్దుపేరు మానేయడం కావచ్చు.

సినిమా కాపీరైట్ హక్కుల సంగతి కొందరు హెడ్మాస్టర్లను భయపెడుతోంది. ప్రేక్షకులు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, బడి కార్యకలాపాలతో సంబంధమున్నవారి వరకే పరిమితమైతే, బడి కార్యక్రమంలో భాగంగా సినిమా ప్రదర్శించడానికి 1957 కాపీరైట్ చట్టం 52(1)(జె) వెసులుబాటు ఇస్తోంది.

రెండు రాష్ట్రాల ఎస్సీఈఆర్టీలు (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు) తెలుగు వ్యాఖ్యానంతో పది, పన్నెండు నిమిషాల డాక్యుమెంటరీలు కొన్ని తయారుచేయించి, ఒక్కోదానికి ఒక పేజీ టీచరు సూచనలు జతచేసి ప్యానెళ్లలో పెట్టాలి. అంతకన్నా ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటుంది: నెలకోసారి సాంఘిక శాస్త్రానికి రెండు పీరియడ్లు పక్కపక్కన వేయమని విద్యాశాఖ ఒక సర్క్యులర్ ఇవ్వాలి.

ఇట్లు,
కొందరు సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు