మైక్ ఆన్ చేసే అమ్మాయిల కోసం

అందరికీ నమస్తే. నిన్న రాత్రి బీజీఎంఐలో (ఫోన్లో జట్టుగా ఆడే షూటింగ్ గేమ్) మన గాజువాక చెల్లి మైక్ ఆన్ చేసి "ఎడం పక్క గోడ వెనక ఇద్దరున్నారు" అంది. అంతే, స్క్వాడ్‌లో, అంటే జట్టులో, కలిసిన బయటి కుర్రాడొకడు ఆట వదిలేసి "అమ్మాయివా? ఇన్‌స్టా ఐడీ చెప్పు" అని మొదలెట్టాడు. ఇవ్వనంటే "పోయి వంట చేస్కో" అన్నాడు. మ్యాచ్ అయ్యేదాకా తను మళ్లీ నోరు తెరవలేదు. చాలా బాధేసింది. మనలోనే కొందరు అబ్బాయి పేరు పెట్టుకుని ఆడుతున్నది ఇందుకే కదా.

గేమ్స్ అబ్బాయిల సొత్తేం కాదు. 1982లో అటారీ అనే పాత గేమ్ మెషీన్‌కి వచ్చిన 'రివర్ రెయిడ్', అంటే నది మీద విమానం నడిపే ఆట, చేసింది కారొల్ షా అనే ఆవిడ. ఆ గేమ్ ఉండే 4 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో అంత పొడవు నది పట్టదు. అందుకని ఆట నడుస్తుండగానే నది దానంతటదే పుట్టుకొచ్చేలా కోడ్ రాసింది. ఇప్పుడు మన ఫోన్లో ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లుంటుంది!

ఇకపై ఎవడైనా అలా వాగితే తమ్ముళ్లూ, ముందు మీరే అడ్డుకోండి. ఆ అమ్మాయిని ఒంటరిగా వదిలేయొద్దు. మ్యాచ్ అవగానే అందరూ రిపోర్ట్ కొట్టండి.

ఆదివారం సాయంత్రం 5 గంటలకి ఎంవీపీ కాలనీలో కలుద్దాం. చెల్లీ, ఆ రోజు ఆటలో ఎవరెక్కడున్నారో, ఎటు పోవాలో చెప్పే కాల్స్ నువ్వే ఇవ్వాలి.