పట్టీ తీసేయండి, మనిషిని తరమకండి

సంపాదకులకు,

నమస్కారం. పోయిన వారం ఈ పేజీలోనే ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. టీం ఓడిపోతుంటే, సొంత అభిమానులే కెప్టెన్ మీద తిరగబడుతుంటే, ఇంకా అతన్ని మోయడం ఎందుకు, చేతికి కట్టే కెప్టెన్ పట్టీ లాగేసి టీంలోంచి కూడా సాగనంపితే పీడా పోతుంది కదా అన్నది ఆయన వాదన. అందులో మొదటి సగం ఒప్పుకుంటాను. పేచీ అంతా రెండో సగంతోనే. పద్దెనిమిదేళ్లుగా లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ అభిమానిని సార్ నేను, కెప్టెన్లతో తలనొప్పులు పడటంలో మాకున్నంత అనుభవం ఇంకెవరికీ ఉండదు, కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటున్నా.

2019 అక్టోబర్ 27, ఆదివారం, దీపావళి. ఇంట్లో అందరూ మేడ మీద చిచ్చుబుడ్లు కాలుస్తుంటే నేను టీవీ ముందు కూర్చున్నాను. క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్, మా సొంత ఎమిరేట్స్ స్టేడియంలో. తొమ్మిది నిమిషాలకే రెండు గోల్స్ కొట్టాం, రెండూ కార్నర్ల నుంచే. ఇక పండగే అనుకున్నా. తర్వాత ఒక పెనాల్టీ ఇచ్చి, సెకండాఫ్ మొదలవగానే ఇంకో గోల్ ఇచ్చి 2-2 చేసుకున్నాం. 61వ నిమిషంలో ఆటగాణ్ని మార్చడానికి లైను దగ్గర బోర్డు ఎత్తారు. బయటికి రావాల్సింది మా కెప్టెన్ గ్రానిట్ జాకా. గెలవడానికి ఒక్కో సెకను లెక్కపెట్టుకుంటున్న టైములో ఆ మనిషి పార్కులో వాకింగ్‌కి వచ్చినట్టు నడిచాడు. స్టేడియం మొత్తం 'బూ' అంది. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఇంకా గట్టిగా అరవండి అన్నట్టు సైగ చేసి, ఏదో గొణిగి, జెర్సీ విప్పేసి, బెంచి వైపు కూడా చూడకుండా సరాసరి లోపలికి వెళ్లిపోయాడు. అతని బదులు దిగింది పద్దెనిమిదేళ్ల బుకాయో సాకా, కానీ ఆ నిమిషంలో ఆ పిల్లాణ్ని చూసిందెవరు?

నేను సోఫాలోంచి లేచి అరిచిన అరుపుకి మేడ మీద నుంచి మా ఆవిడ పరుగున దిగొచ్చింది, టపాకాయ ఏదైనా ఇంట్లో పడిందేమోనని. విషయం తెలిసి, నుదురు కొట్టుకుని మళ్లీ పైకెళ్లిపోయింది. నేను ఫోన్ తీసి మా ఫుట్‌బాల్ గ్రూపులో "వీడికి జెర్సీ కూడా దండగే, జనవరిలో అమ్మిపారేయండి" అని పెట్టాను. ఇంకా కొన్ని మాటలు కూడా ఉన్నాయి, అవి పేపర్లో వేసేవి కావు. చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు, నాకూ బాగానే అనిపించింది.

నాలుగు రోజుల తర్వాత జాకా ఒక ప్రకటన ఇచ్చాడు. కాళ్లు విరగ్గొడతామని, భార్యను చంపేస్తామని, కూతురికి క్యాన్సర్ రావాలని తనకు మెసేజ్‌లు వస్తున్నాయని అందులో రాశాడు. నేను అంత మాట అనలేదు, నిజమే. అయితే అలా అన్నవాళ్లు, నేను, ఆ రాత్రి ఒకే గుంపులో ఉన్నాం.

నవంబర్ 5న జాకా దగ్గర్నుంచి పట్టీ తీసి టీంలోని ఇంకో ఆటగాడు ఒబామెయాంగ్‌కి ఇచ్చారు. ఆ నిర్ణయం కరెక్టేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఎందుకో చెబుతా. మనం క్రికెట్ కళ్లతో కెప్టెన్‌ని చూస్తాం. క్రికెట్లో కెప్టెన్ ఫీల్డింగ్ సర్దాలి, బౌలర్ని మార్చాలి, రివ్యూ అడగాలో వద్దో తేల్చాలి. ఫుట్‌బాల్లో ఆ పనులేవీ లేవు. ఎవరు ఆడాలి, ఎలా ఆడాలి, ఎవర్ని బయటికి పిలవాలి అన్నీ లైను బయట నిలబడ్డ మేనేజర్ చేతిలో ఉంటాయి. కెప్టెన్‌కి ప్రత్యేక హోదా ఏమీ లేదని, టీం ప్రవర్తనకి మాత్రం కొంత బాధ్యత ఉంటుందని ఆట నిబంధనల్లోనే రాసి ఉంది. టాస్‌కి వెళ్లాలి, రిఫరీతో మాట్లాడాలి, మిగతా పదిమంది తల దించుకున్నప్పుడు తాను ఎత్తుకుని నిలబడాలి. జనం తిట్టినా పడాలి. ఆ ఒక్క పని ఆ రోజు జాకా చేయలేకపోయాడు, కాబట్టి పట్టీ పోయింది. దానికి ఏడవక్కర్లేదు.

అక్కడితో ఆగకుండా మనిషిని కూడా పంపేసుంటే ఏమయ్యేది? దాదాపు అంత పనీ అయింది కూడా. జర్మనీ నుంచి హెర్తా బెర్లిన్ క్లబ్ వాళ్లు పిలిచారు, పెట్టె సర్దుకున్నాననీ అతనే తర్వాత చెప్పాడు. ఈలోగా నవంబర్ నెలాఖరుకి మా మేనేజర్ ఉనాయ్ ఎమెరీ ఉద్యోగం పోయింది, డిసెంబర్లో ఆయన స్థానంలో మికెల్ ఆర్టెటా వచ్చాడు. వచ్చీ రాగానే జాకాని కూర్చోబెట్టి, వెళ్లొద్దని నచ్చజెప్పాడు. పట్టీ తిరిగి ఇచ్చి బుజ్జగించలేదు, ఇక్కడే ఉండి ఆడమన్నాడు. జాకా ఉండిపోయి ఇంకో మూడున్నరేళ్లు ఆడాడు. 2023 మే 28న ఆఖరి మ్యాచ్‌లో వుల్వ్స్ టీం మీద మొదటి పావుగంటలోనే రెండు గోల్స్ కొడితే, అదే ఎమిరేట్స్, బూ అన్న అదే జనం, వెళ్లొద్దు ఉండిపొమ్మని పాట పాడారు. వెళ్లిపోయాడనుకోండి, జర్మనీలోని బేయర్ లెవర్‌కూజన్‌కి. అక్కడ మొదటి సీజన్లోనే ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జర్మనీ లీగ్ బుండెస్‌లీగా గెలిచిన టీంకి నడుం లాంటివాడు అయ్యాడు.

మరి ఒబామెయాంగ్ సంగతేమిటని అడుగుతారు. 2020లో ఇంగ్లండ్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో చెల్సీ మీద రెండు గోల్సూ అతనివే, నేను మర్చిపోలేదు. కానీ ఒక మ్యాచ్ రోజున లేటుగా వచ్చి బెంచి మీద కూర్చున్నాడు, ఆ తర్వాత 2021 డిసెంబర్లో క్లబ్ అనుమతితో విదేశానికి వెళ్లి చెప్పిన టైముకి రాలేదు. పట్టీ తీసేశారు, ఆ తర్వాత ఆర్సెనల్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, నెలన్నర తిరిగేసరికి బార్సిలోనాలో ఉన్నాడు. అతన్ని నిలబెట్టి ఉండొచ్చా? నాకైతే అనుమానమే. జాకాది కోపం, ఒక్క సాయంత్రం చేసిన తప్పు. ఇతనిది అలవాటు. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

అసలు మా క్లబ్ జబ్బు వేరే ఉందని నా అభిప్రాయం. వెళ్లిపోతాడేమోనన్న భయంతో స్టార్ ఆటగాడి చేతికి పట్టీ చుడతారు, వాడు వెళ్లనే వెళతాడు. ఫాబ్రెగాస్ 2011లో బార్సిలోనాకి, వాన్ పెర్సీ 2012లో మాంచెస్టర్ యునైటెడ్‌కి, వెర్మాలెన్ 2014లో మళ్లీ బార్సిలోనాకి. కోసియెల్నీ అయితే 2019లో అమెరికా టూర్‌కి రానని మొండికేసి ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. నేను ఈ టీంని పట్టుకున్న మొదటి సీజన్లోనే, 2008 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో, మా కెప్టెన్ గాలస్ మ్యాచ్ అయ్యాక గ్రౌండ్ మధ్యలో ఒక్కడే చతికిలపడి కూర్చున్నాడు. అలిగిన పెళ్లికొడుకు కూడా అంతసేపు కూర్చోడు. అప్పుడే వేరే టీం చూసుకోవాల్సింది, నా ఖర్మ.

వీళ్లందరికీ ముందు టోనీ ఆడమ్స్ ఉన్నాడు. 1990 డిసెంబర్లో తాగి కారు నడిపి గుద్దేసిన కేసులో జైలుకెళ్లాడు. జాకా నేరం దీని ముందు ఏపాటి? క్లబ్ అతన్ని వదల్లేదు, పట్టీ కూడా తీసేయలేదు. బయటికొచ్చి ఆ సీజన్లోనే లీగ్ గెలిచిన టీంకి కెప్టెన్. తాగుడు మాత్రం వెంటనే మానలేదు, తాను తాగుడుకి బానిసనని 1996లో అందరిముందూ ఒప్పుకున్నాడు, ఆ తర్వాత కూడా రెండు లీగ్ టైటిళ్లు ఎత్తాడు. ఇవాళ ఎమిరేట్స్ బయట అతని విగ్రహం ఉంది. ఇప్పుడైతే జైలు గేటు దాటకముందే ఫోన్లలో మేమే తీర్పు రాసేసేవాళ్లం. నాకు మాత్రం ఆడమ్స్ విషయంలో కొన్నాళ్లైనా పట్టీ తీసి ఉండాల్సిందనే ఉంటుంది, జైలుకెళ్లినా పట్టీ పోదంటే కుర్రాళ్లకి ఏం చెబుతున్నట్టు? కానీ ఆ మనిషిని వదులుకోకపోవడం మాత్రం సూటిగా మెచ్చుకుంటాను.

లండన్ గొడవ మనకెందుకని ఎవరైనా అంటారేమో. 1962లో జకార్తాలో ఇండియాకి ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చిపెట్టిన కోచ్ రహీం సాబ్ మా హైదరాబాదే. ఫుట్‌బాల్ గురించి మాట్లాడే అర్హత ఈ ఊరికి లేకపోతే ఇంకే ఊరికుంది?

ఒక మాట మిగిలింది. 2025లో సండర్లాండ్ వాళ్లు జాకాని మళ్లీ ఇంగ్లండ్ తీసుకొచ్చి, రాగానే కెప్టెన్‌ని చేశారు. పేపర్లో ఎక్కడో మూల మూడు లైన్ల వార్త. కాఫీ తాగుతూ మా ఆవిడే ముందు చూసి, "ఈయన దీపావళి నాడు మీరు తిట్టినాయన కదూ?" అంది. అవునన్నాను.

— ఒక ఆర్సెనల్ అభిమాని, సికింద్రాబాద్