మా తమ్ముడి మోకాలు నిలబెట్టిన ఫిజియో మేడమ్‌గారికి, ఇంకా అందరికీ

అందరికీ నమస్కారం. తమ్ముడు ఈరోజు పొద్దున కొత్త ఫుట్‌బాల్ క్లబ్బు కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు, తెగి ఆపరేషన్ అయిన వింగర్‌ని (మైదానం అంచున పరిగెత్తే ఆటగాణ్ణి) నమ్మి తీసుకునే క్లబ్బు దొరకడం మన దేశంలో మామూలు విషయం కాదు. ఒళ్ళు హూనమైపోయింది, రాత్రంతా నిద్ర లేదు. అయినా ఇప్పుడే రాయాలనిపించింది.

అమ్మా నాన్నా, బావగారూ, పిన్నివాళ్ళూ చేసింది వాళ్ళకి తెలుసు, మాకూ తెలుసు. ఇంట్లోవాళ్ళకి ఇక్కడ థాంక్స్ చెబితే కోప్పడతారు కూడా.

నేను చెప్పాల్సింది ఒకావిడ గురించి. విజయవాడ సూర్యారావుపేటలో ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. చుట్టం కాదు, మా గుంటూరు మనిషీ కాదు. అప్పటిదాకా ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ పూర్తిగా చూడలేదట. వాడి పాత మ్యాచ్‌ల వీడియోలు అడిగి తీసుకుని, భోజనం వేళలో చూసి, పరుగు ఆపేటప్పుడు ఏ కాలి మీద బరువు వేస్తాడో, లోపలికి తిరిగేటప్పుడు మోకాలు ఎటు వంగుతుందో కాగితం మీద గీసి పెట్టారు. పాత క్లబ్బు కాంట్రాక్టు మే 31తో ముగిసి జీతం ఆగినప్పుడు ఒకే మాట అన్నారు: "డబ్బు సంగతి మళ్ళీ ఎత్తకండి, బాబు రావడం మాత్రం మానకూడదు."

ఆవిడ చేసిన పనేమిటో వివరంగా రాస్తాను. ఈ గాయమైన పిల్లలు మన రెండు ఊళ్ళలో ఇంకా ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుంది.

మొదటి రెండు వారాలు ఆవిడ పట్టుబట్టింది రెండిటి మీదే. ఒకటి మోకాలు పూర్తిగా చాపడం, రెండోది తొడ ముందు కండరం బిగించడం. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలు గాల్లో ఉంచి, దాని బరువుకే అది తిన్నగా దిగేలా పడుకోబెట్టాలి. మనవాళ్ళేమో నొప్పి పుట్టకుండా మోకాలి కింద దిండు పెడతారు. అదే ముంచుతుంది. మోకాలు వంపులోనే బిగుసుకుపోయి, లోపల మచ్చ కణజాలం పెరిగి, కుంటు మిగిలిపోతుంది.

వీడికి కొత్త లిగమెంటుగా వేసింది తొడ వెనక కండరం నుంచి తీసిన నరాన్ని, అంటే కండరాన్ని ఎముకకి కలిపే టెండన్‌ని. కాబట్టి మొదటి ఆరేడు వారాలు మడమని వెనక్కి లాగే బరువు వ్యాయామాలు వద్దన్నారు. రెండు, మూడు నెలలకి నొప్పి పోతుంది, వాపు దిగుతుంది, కుర్రాడు పరిగెత్తేస్తానంటాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త నరం బాగా బలహీనంగా ఉంటుంది. అందులో కొత్తగా రక్తనాళాలు పుట్టి, అది లిగమెంటులా మారడానికి నెలలు పడుతుంది. నొప్పి లేదని సెవెన్స్ (ఏడుగురేసి ఆడే) టోర్నమెంటులో దిగి రెండోసారి తెంచుకున్నవాళ్ళు మన మైదానాల్లో ఎంతమందో. తొమ్మిది నెలల వరకు, ఆట ఒక్కో నెల ఆలస్యమైన కొద్దీ మళ్ళీ గాయమయ్యే రేటు దాదాపు సగానికి తగ్గిందని డెలావేర్-ఓస్లో పరిశోధకులు 2016లో చూపించారు. మేడమ్ ఈ మాటని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి వాడి నోట్‌బుక్ అట్ట మీద అంటించారు.

కాలిబలం కొలిచే ఖరీదైన యంత్రం ఆ క్లినిక్‌లో లేదు. ఆవిడ వేలాడే డిజిటల్ కాటా తెమ్మన్నారు, మిర్చి బస్తాలు తూచేది. గట్టి బల్ల మీద మోకాలు 90 డిగ్రీలు వంచి కూర్చోబెట్టి, చీలమండకి కాస్త పైన తువ్వాలు చుట్టి బెల్టు వేసి, బెల్టుని కాటాకి, కాటాని వెనకున్న బల్లకాలికి కట్టాలి. తాడు తిన్నగా, బిగుతుగా ఉండాలి. వదులుంటే కుదుపుకి అంకె ఎగిరి తప్పు చూపిస్తుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, పిర్రలు లేవకుండా, కాలు ముందుకి తన్నినట్టు అయిదు సెకన్లు నెట్టాలి. మధ్యలో నిమిషం ఆగుతూ మూడుసార్లు చేసి, ఎక్కువ వచ్చింది రాసుకోవాలి. మంచి కాలు 60 కిలోలు లాగి, ఆపరేషనైన కాలు 42 లాగితే 70 శాతం. అక్కడికి చేరి, వాపు లేకుండా ఉంటేనే, అదీ మూడు నెలలు దాటాకే, నెమ్మదిగా పరుగు. మ్యాచ్‌కి 90 శాతం దాటాలి, ఒంటికాలి గెంతుల పరీక్షలు కూడా అంతే రావాలి. ఒక్క గెంతు చూసి వదిలేయకూడదు, బలం తక్కువున్నా నడుముతో తోసి దూరం తెచ్చేస్తారు.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఆటగాళ్ళ బదిలీ నియమాల ఆర్టికల్ 18 ప్రకారం, వైద్యపరీక్ష పాసైతేనే కాంట్రాక్టు చెల్లుతుందని షరతు పెట్టకూడదు. అందుకే క్లబ్బులు సంతకానికి ముందే అంతా చూసుకుంటాయి. కొత్త క్లబ్బు డాక్టరుగారు ఎమ్మారై కన్నా ఎక్కువసేపు చూసింది ఆ నోట్‌బుక్‌నే. ప్రతి వారం అంకెలూ, తేదీలూ, వాపు వచ్చిన రోజులూ ఉన్నాయి అందులో.

పొద్దున మేడమ్‌కి ఫోన్ చేసి, ఇప్పటికైనా ఫీజు ఎంతో చెప్పండి అన్నాను. "ముందు నిన్న ఎడమకాలు ఎంత లాగిందో చెప్పండి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఫోన్ పట్టుకుని ఏడ్చేశాను.

ఒక్క బాధ చెప్పుకోకుండా ఉండలేను. ఆపరేషన్ అనగానే నలుగురూ చెయ్యి వేస్తారు. ఆ తర్వాత తొమ్మిది నెలల ఫిజియోకి ఎవరూ లేరు, ఆట నిలబడేదేమో అక్కడ. క్లబ్బు జెర్సీలో ఆడుతూ పడిన దెబ్బే, కానీ కాంట్రాక్టు తేదీ దాటిన మర్నాటి నుంచి వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. పైగా 2025 జూలైలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్) నిలిపివేత ప్రకటన వచ్చాక, కొత్తవాళ్ళని తీసుకునే మాట ఎత్తినవాళ్ళే లేరు. హైదరాబాదీ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్‌ని ఇచ్చిన నేల మనది, ఆయన శిక్షణలోనే 1962లో జకార్తాలో భారత ఫుట్‌బాల్ జట్టుకి ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది. 2021-22 ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ క్లబ్బు కూడా 2025లో ఢిల్లీ తరలిపోయింది. గుంటూరు కుర్రాడు ఎవరి తలుపు తట్టాలి? జిల్లాకి ఒక్క ఫిజియోని, ఆటగాళ్ళకి ఒక బీమాని ఏర్పాటు చేయడం అంత కష్టమా?

అయ్యో, కాటా ఇచ్చిన మిర్చి యార్డు కమీషన్ దుకాణం పెద్దాయన్ని మర్చిపోయాను. సీజన్ మధ్యలో, తన పనికి ఇబ్బందైనా ఇచ్చారు. సార్, మీకు రుణపడి ఉంటాం.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారికీ, రాత్రి డ్యూటీ నర్సమ్మగార్లకీ కూడా. ఎండలు ముదిరాక పొద్దున్నే అయిదున్నరకే మైదానం గేటు తాళం తీసిన వాచ్‌మన్ బాబాయికి. వాడితో పాటు కోన్ల మధ్య పరిగెత్తిన అండర్-15 పిల్లలకి. సీఆర్‌ఎస్‌లో (ఫుట్‌బాల్ ఆటగాళ్ళని ఆన్‌లైన్‌లో నమోదు చేసే చోటు) ఆధార్ పేరూ, బర్త్ సర్టిఫికెట్ పేరూ కలవక రిజిస్ట్రేషన్ ఆగిపోతే, ఇంటిపేరు సరిచేయించిన మీసేవ కుర్రాడికి. బస్సులో కాలు చాపుకోవడానికి ముందు సీటు ఇచ్చిన గుంటూరు-విజయవాడ కండక్టర్లకి. ఇంకా ఎవరైనా మిగిలిపోతే కింద రాయండి, చేరుస్తాను.